ర్యామ్ తేడా చేస్తుంటే ఏం చేయాలి: స్పీడ్ తగ్గించాలా, బయోస్ మార్చాలా, కొత్తది కొనాలా?

గేమ్ ఆడుతుంటే ఉన్నట్టుండి మూసుకుపోతుంది. పెద్ద జిప్ ఫైల్ విప్పితే పాడైపోయిందంటుంది, అదే ఫైల్ ఇంకోసారి విప్పితే బాగానే వస్తుంది. ఒకరోజు బ్లూ స్క్రీన్ మీద మెమరీ మేనేజ్‌మెంట్ అని ఉంటుంది, మర్నాడు ఇంకేదో పేరు. డ్రైవర్ లోపమైతే మామూలుగా ఒకే పేరుతో, ఒకే సందర్భంలో బయటపడుతుంది. రోజుకో చోట, రోజుకో పేరుతో వస్తోందంటే ముందుగా అనుమానించాల్సింది ర్యామ్‌నే.

అప్పుడు సలహాలు మొదలవుతాయి. ర్యామ్ స్టిక్ తీసి ఎరేజర్‌తో రుద్దమని ఒకరు, బయోస్ (కంప్యూటర్‌ని మొదలుపెట్టే, మదర్‌బోర్డులోని సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయమని ఇంకొకరు, వోల్టేజ్ కాస్త పెంచితే చాలని మరొకరు. షాపతను మాత్రం కొత్త ర్యామ్ వేద్దామంటాడు. వీటిలో ప్రతి దానికీ తగిన సందర్భం ఉంది. మీది ఏ సందర్భమో తేలకుండా ఏది చేసినా డబ్బో, టైమో, ఒక్కోసారి డేటానో పోతుంది.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది డేటా. ర్యామ్‌లో ఒక్క బిట్ తప్పుగా మారితే కంప్యూటర్ ఆగిపోవాలనేమీ లేదు. ఆ తప్పు అలాగే ఎస్‌ఎస్‌డీ మీదకి వెళ్లి ఫొటోలోనో, ఎక్సెల్ షీట్‌లోనో చడీచప్పుడు లేకుండా కూర్చుంటుంది. అందుకే అనుమానం రాగానే బ్యాకప్‌కి పరుగెత్తకండి. ఆ బ్యాకప్ కూడా అదే ర్యామ్ గుండానే వెళ్తుంది. ముందు బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో (ర్యామ్‌ని ఎక్కువ స్పీడ్‌లో నడిపే ప్రొఫైల్) ఆపేసి, స్పీడ్ తగ్గాక బ్యాకప్ తీసుకోండి. పాత బ్యాకప్ మీద మాత్రం రాయకండి.

రెండోది, చేస్తున్న పని వల్ల అసలు కారణం ఏమైనా తెలుస్తుందా అన్నది. చాలామంది దీన్ని పట్టించుకోరు. ఒకే రోజు బయోస్ మార్చి, వోల్టేజ్ పెంచి, స్లాట్ కూడా మార్చేస్తే, సమస్య పోయినా ఎందుకు పోయిందో తెలియదు. మళ్లీ వస్తే మొదటికే వస్తాం. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి.

మిగతావి అందరికీ తెలిసినవే: ఖర్చు, ఎంత స్పీడ్ వదులుకోవాలి, చేసినదాన్ని వెనక్కి తీసుకోగలమా.

పెట్టె మీద అంకె ఎవరి హామీ?

పెట్టె మీద డీడీఆర్5 6000 అని ఉంటుంది. అది ఆ స్టిక్ తయారుచేసిన కంపెనీ చెప్పిన స్పీడ్. మీ ప్రాసెసర్ కంపెనీ దానికి హామీ ఇవ్వలేదు. ర్యామ్‌ని నడిపించే మెమరీ కంట్రోలర్ ఉండేది ప్రాసెసర్ లోపల. రైజెన్ 7000 సిరీస్‌కి ఏఎమ్‌డీ అధికారికంగా చెప్పింది రెండు స్టిక్‌లతో 5200. 9000 సిరీస్‌కి 5600. ఇంటెల్ 13, 14 తరాల్లోని పెద్ద ప్రాసెసర్లకి డీడీఆర్5 అయితే 5600, డీడీఆర్4 అయితే 3200. రైజెన్ 5000కి కూడా 3200నే.

అంతకంటే పైకి తీసుకెళ్లే ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో ప్రొఫైళ్లు ఓవర్‌క్లాక్ (అధికారిక స్పీడ్ దాటి నడపడం) కిందకే వస్తాయి. ఒక్క క్లిక్‌తో ఆన్ అవుతాయి కాబట్టి మామూలు సెట్టింగ్‌లా అనిపిస్తాయి. చాలా బోర్డుల మీద ఏళ్ల తరబడి బాగానే నడుస్తాయి కూడా. కానీ స్టిక్, బోర్డు, ప్రాసెసర్ మూడూ కలిసొస్తేనే. 6000 దగ్గర మొరాయించిన స్టిక్ పాడైపోయిందని చెప్పలేం. అదే స్టిక్ 4800 దగ్గర కూడా తప్పులు చూపిస్తే అనుమానానికి గట్టి ఆధారం దొరికినట్టే.

ఎంపిక మొత్తం ఈ తేడా మీదే ఆధారపడి ఉంది. కాబట్టి మిగతావన్నీ పక్కన పెట్టి ముందు ఈ ఒక్క పరీక్ష చేయండి: ప్రొఫైల్ ఆపండి, మెమరీ ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ చెప్పిన మామూలు స్పీడ్‌లో ఉంచండి, రాత్రంతా టెస్ట్ నడపండి.

ఏ టెస్ట్ నడపాలి

విండోస్‌తో పాటే వచ్చే మెమరీ డయాగ్నస్టిక్ చేతిలో ఉంటుంది, దించుకోవాల్సిన పని లేదు. అది తప్పు చూపిస్తే నమ్మండి. ఏమీ లేదంటే మాత్రం ధీమాగా ఉండకండి, ఎప్పుడో ఒకసారి మాత్రమే బయటపడే తప్పులు దానికి చాలాసార్లు దొరకవు.

మెమ్‌టెస్ట్86, మెమ్‌టెస్ట్86 ప్లస్ రెండూ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవుతాయి. విండోస్ నడవదు కాబట్టి మీ ఫైళ్లకి ప్రమాదం లేదు. మొదటిదాని ఉచిత వెర్షన్ ఒక విడతలో నాలుగు పాస్‌ల (పరీక్షలన్నీ ఒక చుట్టు పూర్తయితే ఒక పాస్) వరకు నడుస్తుంది. రెండోది ఓపెన్ సోర్స్, ఎన్ని పాస్‌లైనా నడపొచ్చు. మామూలు స్పీడ్‌లో స్టిక్ మంచిదా కాదా తేల్చడానికి నేను వీటినే ఎంచుకుంటాను.

టెస్ట్‌మెమ్5, ఓసీసీటీ లాంటివి విండోస్‌లోనే నడుస్తాయి. ప్రొఫైల్ ఆన్ చేశాక నిలకడ చూడటానికి ఇవే మేలు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ వేడెక్కి కేస్ లోపలి గాలి కూడా వేడిగా ఉన్నప్పుడు బయటపడే తప్పులు, చల్లగా నడిచే పెన్‌డ్రైవ్ టెస్ట్‌లో కనబడకపోవచ్చు.

ఏది నడిపినా పాస్ మార్కు సున్నా తప్పులే. రాత్రంతా నడిస్తే ఒక్కటే వచ్చింది కదా, ఫర్వాలేదులే అనుకోవద్దు. ఆ ఒక్కటి ఏ ఫైల్ మీద పడుతుందో మనకి తెలియదు.

దారులన్నీ ఒకచోట

| దారి | ఖర్చు | స్పీడ్ నష్టం | జాగ్రత్త | ఎప్పుడు సరైనది |
|---|---|---|---|---|
| తీసి మళ్లీ బిగించడం, స్లాట్ సరిచూడటం | లేదు | లేదు | పవర్ కేబుల్ పీకి, ఒంట్లో స్టాటిక్ పోయేలా లోహం తాకి చేయాలి | మామూలు స్పీడ్‌లోనూ తప్పులొస్తే |
| బయోస్ అప్‌డేట్ | లేదు | లేదు | మధ్యలో కరెంట్ పోకూడదు | కొత్త ప్లాట్‌ఫామ్, పాత బయోస్ |
| ఒక మెట్టు స్పీడ్ తగ్గించడం | లేదు | కొద్దిగా | పెద్దగా ఏమీ లేదు | ప్రొఫైల్‌లోనే తప్పులొస్తే |
| ప్రొఫైల్ పూర్తిగా ఆపేయడం | లేదు | పనిని బట్టి | ఏమీ లేదు | డేటాయే ముఖ్యమైనవాళ్లకి |
| వోల్టేజ్ పెంచడం | లేదు | లేదు | వేడి, మోతాదు మించితే నష్టం | ఏం చేస్తున్నారో తెలిసినవాళ్లకి |
| నాలుగు స్టిక్‌ల నుంచి రెండుకి రావడం | లేదు, లేదా కొత్త కిట్ ధర | లేదు | మెమరీ సగం అవుతుంది | నాలుగూ కలిస్తేనే తప్పులొస్తే |
| మార్చడం, వారంటీ | ఎక్కువ | లేదు | తప్పు కారణానికి డబ్బు పోవచ్చు | ఒక్కో స్టిక్ విడిగా పరీక్షించాక |

తీసి మళ్లీ బిగించడం

ఊరికే అయ్యే పని కాబట్టి అందరూ దీంతోనే మొదలుపెడతారు, మంచిదే. చాలా బోర్డుల మీద ఇప్పుడు స్లాట్‌కి ఒకవైపే క్లిప్ ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డ్ వైపు కదలకుండా. ఆ కదలని వైపు స్టిక్ పూర్తిగా దిగకుండా ఆగిపోవడం మామూలే. క్లిప్ ఉన్న వైపు టక్‌మని శబ్దం వస్తుంది, మనం అయిపోయిందనుకుంటాం. రెండో చివర బొటనవేలితో విడిగా నొక్కి చూడండి. స్టిక్ పై అంచు స్లాట్‌కి సమాంతరంగా ఉందో లేదో పక్క నుంచి చూస్తే తెలిసిపోతుంది.

రెండు స్టిక్‌లుంటే ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టినప్పుడు రెండో స్లాట్, నాలుగో స్లాట్. దాదాపు అన్ని నాలుగు స్లాట్ల బోర్డుల్లో ఇదే వరస, బోర్డు మీద ఏ2, బీ2 అని ముద్రించి ఉంటుంది. ఒకటి, మూడు స్లాట్లలో పెడితే మామూలు స్పీడ్‌లో నడిచినా ప్రొఫైల్ దగ్గర తడబడతాయి.

ఎరేజర్ సంగతి. రుద్దితే బాగైందని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. చాలాసార్లు బాగవడానికి కారణం తీసి మళ్లీ గట్టిగా పెట్టడమే. పిన్నుల మీద ఉన్న పలచటి బంగారు పూత రుద్దుడికి అరుగుతుంది, రబ్బరు పొడి స్లాట్‌లో పడుతుంది. తుడవాలనిపిస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తని గుడ్డ వాడి, పూర్తిగా ఆరనివ్వండి.

ఒక వైపు స్లాట్లు రెండూ స్టిక్‌ని గుర్తించకపోతే తప్పు ర్యామ్‌ది కాకపోవచ్చు. సాకెట్‌లో పిన్ను వంగినా, కూలర్ ఒకవైపు ఎక్కువగా బిగిసినా ప్రాసెసర్ సరిగా ఆనక ఒక ఛానెల్ (ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య దారి) మొత్తం మాయమవుతుంది.

బయోస్ అప్‌డేట్

డీడీఆర్5 బోర్డు కొన్నప్పటి బయోస్‌తోనే నడుస్తుంటే స్పీడ్ తగ్గించే ముందే ఇది చేయమంటాను. ఏఎమ్5 (రైజెన్ 7000, 9000ల సాకెట్) బోర్డులకి 2023లో వచ్చిన అప్‌డేట్లు మెమరీ విషయంలో చాలా మార్చాయి. 24, 48 జీబీ స్టిక్‌లు నడవడం కూడా వాటితోనే మొదలైంది. అదే ఏడాది కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కాలిపోయాక, ఎస్‌ఓసీ వోల్టేజ్ (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి ఇచ్చేది) 1.3 వోల్టులు దాటకుండా ఏఎమ్‌డీ పరిమితి పెట్టింది. ఎక్స్‌పో ఆన్ చేసి ఇంకా పాత బయోస్ మీద ఉన్నవాళ్లు ఒక్క నిలకడ కోసమే కాదు, ప్రాసెసర్ భద్రత కోసం కూడా మార్చుకోవాలి.

మన దగ్గర కరెంట్‌తో జాగ్రత్త. యూపీఎస్ లేకపోతే కరెంట్ పోని సమయం చూసుకుని చేయండి. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ తాళం) ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి, అప్‌డేట్ తర్వాత విండోస్ అది అడగొచ్చు. పాత సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి, ఎక్స్‌పోతో సహా.

అప్‌డేట్ అయ్యాక మొదటిసారి ఆన్ చేస్తే తెర కొన్ని నిమిషాలు నల్లగా ఉండిపోవచ్చు. బోర్డు మీద డీర్యామ్ అనే చిన్న లైట్ వెలుగుతూ ఉంటుంది. టెన్షన్ పడి పవర్ ఆపేయకండి. బోర్డు ఆ స్టిక్‌లతో ఏ సిగ్నల్ ఎప్పుడు పంపాలో సరిచూసుకుంటోంది. దాన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. ప్రతిసారీ ఇది చేయకుండా పాత ఫలితాన్నే వాడుకునే సెట్టింగ్ పేరు మెమరీ కాంటెక్స్ట్ రీస్టోర్. బూట్ త్వరగా అవుతుంది గానీ, కొన్ని బోర్డుల మీద నిలకడ చెడేది దీనివల్లే. ఒకసారి ఆపి చూడండి, బూట్ ఆలస్యమైనా కారణం తేలిపోతుంది.

ఒక మెట్టు దిగడం

మామూలు స్పీడ్‌లో శుభ్రంగా ఉండి, ప్రొఫైల్ పెడితేనే తప్పులొస్తున్నవాళ్లలో చాలామందికి నా సలహా ఇదే. బయోస్‌లో ప్రొఫైల్ ఆన్‌లోనే ఉంచి, స్పీడ్ ఒక్కటీ 6000 నుంచి 5600కి మార్చండి. డీడీఆర్4 అయితే 3600 నుంచి 3400కో 3200కో. టైమింగ్ అంకెలు (ర్యామ్ ఒక్కో పనికి తీసుకునే సైకిళ్లు), వోల్టేజ్ కదపొద్దు. స్పీడ్ తగ్గితే అవే టైమింగులు స్టిక్‌కి సులువవుతాయి. తర్వాత విండోస్‌లో టెస్ట్ నడపండి.

ఎంత పోతుంది అంటే, విడి గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న మెషీన్‌లో చాలా గేముల్లో తేడా కంటికి ఆనదు. ఎక్స్3డీ ప్రాసెసర్లలో పెద్ద క్యాష్ ఉంటుంది కాబట్టి ఇంకా తక్కువ. గ్రాఫిక్స్ కార్డ్ లేకుండా 5600జీ, 8600జీ లాంటి వాటితో గేములాడేవాళ్ల సంగతి వేరు. వాళ్లకి ఆ ర్యామే వీడియో మెమరీ కూడా. ప్రతి మెట్టూ ఫ్రేమ్‌లలో తెలుస్తుంది, కాబట్టి వాళ్లు ముందు బయోస్, తర్వాత జాగ్రత్తగా వోల్టేజ్ చూసి, ఆఖరికే స్పీడ్ తగ్గించాలి.

ట్యాలీ లెక్కలు, క్లయింట్ ఫైళ్లు, పిల్లల ఫొటోలు ఉన్న మెషీన్ అయితే ఒక మెట్టు కూడా వద్దు, ప్రొఫైల్ ఆపేయండి. ఆ పనుల్లో స్పీడ్ తేడా తెలియదు. డీడీఆర్5లో ఆన్-డై ఈసీసీ (తప్పుల్ని దిద్దే ఏర్పాటు) ఉంది కదా అనే ధైర్యం చాలదు. అది చిప్ లోపల పుట్టే తప్పుని దిద్దుతుంది, స్టిక్ నుంచి ప్రాసెసర్‌కి వచ్చే దారిలో పుట్టేదాన్ని దిద్దలేదు.

వోల్టేజ్ పెంచడం

డీడీఆర్4 ప్రొఫైళ్లలో సాధారణంగా 1.35 వోల్టులు ఉంటుంది, డీడీఆర్5 6000 కిట్‌లలో 1.35 లేదా 1.40. ముందు బోర్డు నిజంగా ఆ అంకెనే ఇస్తోందో లేదో చూడండి. కొన్నిసార్లు ప్రొఫైల్ సగమే పడుతుంది. స్పీడ్ వస్తుంది, వోల్టేజ్ రాదు. అలాంటప్పుడు అంకె చేత్తో రాస్తే సరిపోతుంది. దాన్ని పెంచడమని కూడా అనక్కర్లేదు.

అంతకు మించి వెళ్లడం నేను చివరికి పెట్టుకుంటాను. ఎందుకంటే వేడి. మే నెలలో ఏసీ లేని గదిలో విజయవాడలోనో రామగుండంలోనో మధ్యాహ్నం గ్రాఫిక్స్ కార్డ్ వేడి గాలి నేరుగా స్టిక్‌ల మీదకి వెళ్తుంటే, వోల్టేజ్ పెంచి సాధించిన నిలకడ అక్కడే పోతుంది. డిసెంబరులో పాసైన సెట్టింగ్ ఏప్రిల్‌లో ఫెయిలవడంలో వింత లేదు. డీడీఆర్5 స్టిక్‌లలో ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటుంది, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో చూడొచ్చు. టెస్ట్ ఎప్పుడు నడిపినా కేస్ తలుపు మూసి, మీరు రోజూ వాడే వేళలో, రోజూ ఉండే వేడిలో నడపండి.

నాలుగు స్టిక్‌లు

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. 32 జీబీ చాలడం లేదని అదే మోడల్ కిట్ ఇంకొకటి తెచ్చి ఖాళీ స్లాట్లలో పెడతారు. రెండు కిట్‌లూ విడివిడిగా 6000 దగ్గర నిక్షేపంగా నడుస్తాయి. నాలుగూ కలిపితే బూటే అవదు, అయినా గంటకోసారి పడిపోతుంది.

ర్యామ్ మీదకి తప్పు నెట్టడానికి లేదు. డెస్క్‌టాప్ బోర్డులో ఉండేవి రెండు ఛానెళ్లే. నాలుగు పెడితే ఒక్కో ఛానెల్ తీగల మీద రెండేసి స్టిక్‌లు పడతాయి, సిగ్నల్ బలహీనమవుతుంది. ఒకే బండికి రెట్టింపు బస్తాలు ఎక్కించి అదే వేగంతో లాగమన్నట్టే. రైజెన్ 7000కి నాలుగు స్టిక్‌లతో ఏఎమ్‌డీ చెప్పే అధికారిక స్పీడ్ 3600 మాత్రమే. డీడీఆర్4లో రైజెన్ 5000కి నాలుగు డ్యూయల్ ర్యాంక్ (చిప్‌లు రెండు గుంపులుగా ఉండే) స్టిక్‌లైతే 2667. పైగా ఒకే మోడల్ పేరుతో వేరే నెలలో వచ్చిన కిట్‌లో చిప్‌లు వేరే కంపెనీవి ఉండొచ్చు. కంపెనీ కలిపి పరీక్షించేది ఒక ప్యాకెట్‌లోని స్టిక్‌లనే.

గేములు మాత్రమే ఆడేవాళ్లు రెండు తీసేసి 32 జీబీతో ఉండిపోవడమే మేలు. వీడియో ఎడిటింగ్, వర్చువల్ మెషీన్లు, పెద్ద ప్రాజెక్ట్ బిల్డ్‌లు చేసేవాళ్లకి లెక్క తిరగబడుతుంది. మెమరీ చాలక ఎస్‌ఎస్‌డీ మీదకి పోవడం కంటే నాలుగు స్టిక్‌లు తక్కువ స్పీడ్‌లో నడవడం నయం. ప్రొఫైల్ ఆపేసి 3600 నుంచి మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా పెంచుతూ టెస్ట్ చేసుకోండి.

ఇంకా కొనని వాళ్లకి దారి సులువు: 32 జీబీ స్టిక్‌లు రెండు, లేదా 48 జీబీవి రెండు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా రెండు విడి స్టిక్‌లు కాకుండా ఒకే ప్యాకెట్‌లో వచ్చే కిట్ అడగండి. బోర్డు కంపెనీ సైట్‌లో మీ బోర్డు పేజీకి వెళ్తే పరీక్షించిన మెమరీ జాబితా ఉంటుంది. అందులో ఆ కిట్ పార్ట్ నంబర్ ఎదురుగా రెండు స్టిక్‌లతో పరీక్షించారా, నాలుగుతోనా అన్న కాలమ్ తప్పకుండా చూడండి.

మార్చేసే ముందు

2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగిపోయాయి. ఆ తర్వాత ఊహ మీద కొత్త కిట్ కొనడం మునుపటికంటే పెద్ద నష్టం. ఒక్కో స్టిక్‌ని విడిగా, అదే ఏ2 స్లాట్‌లో, మామూలు స్పీడ్‌లో పరీక్షించండి. ఒకటి ఫెయిలై, రెండోది అదే స్లాట్‌లో పాసైతే స్టిక్ పాడైనట్టే. ఏది పెట్టినా ఫెయిలైతే బోర్డు లేదా ప్రాసెసర్. స్నేహితుడి దగ్గర ఒక స్టిక్ అడిగి తెచ్చి పెట్టి చూస్తే ఇంకా గట్టిగా తేలుతుంది.

ఇంటెల్ 13, 14 తరాల ఐ7, ఐ9 వాడేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. ఆ ప్రాసెసర్లలో వోల్టేజ్ లోపం వల్ల వచ్చిన క్రాష్‌లు అచ్చం ర్యామ్ సమస్యలాగే ఉంటాయి. గేమ్ మొదలవుతుండగా వీడియో మెమరీ చాలడం లేదని చెప్పి మూసుకుపోవడం దాని పేరుమోసిన లక్షణం. 2024లో ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇచ్చింది, పెట్టెలో అమ్మిన ప్రాసెసర్లకి వారంటీని రెండేళ్లు పొడిగించింది. అప్‌డేట్ ఇంకా జరగని నష్టాన్ని ఆపుతుంది, జరిగిపోయినదాన్ని బాగుచేయదు. మెమ్‌టెస్ట్ శుభ్రంగా పాసవుతూ గేములు మాత్రం పడిపోతుంటే ర్యామ్ వారంటీకి వెళ్లకండి, ప్రాసెసర్ వారంటీ చూడండి.

స్టిక్ పాడైందని తేలితే వారంటీ ఉందేమో ముందు చూడండి. చాలా పేరున్న బ్రాండ్లు లిమిటెడ్ లైఫ్‌టైమ్ వారంటీ ఇస్తాయి. టెస్ట్‌లో ఎర్రర్లు కనబడుతున్న తెరని ఫోన్‌తో ఫొటో తీసి, బిల్లుతో కలిపి పంపండి. స్టిక్ మీద స్టిక్కర్ పీకొద్దు, సీరియల్ నంబర్ దాని మీదే ఉంటుంది. కిట్‌గా కొన్నది కిట్‌గానే ఇవ్వాల్సి రావచ్చు, కాబట్టి మంచి స్టిక్‌ని కూడా కొన్నాళ్లు వదులుకోవడానికి సిద్ధపడండి.

ఏ దారిలో బాగైనా, నిలకడ వచ్చాక కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి డిస్మ్, ఎస్‌ఎఫ్‌సీ, చెక్‌డిస్క్ అనే రిపేర్ కమాండ్లు ఒక్కోసారి నడపండి. ర్యామ్ తప్పుగా నడిచిన రోజుల్లో విండోస్ అప్‌డేట్లు పడి ఉంటే సిస్టమ్ ఫైళ్లు పాడై ఉండొచ్చు. వాటిని వదిలేస్తే ర్యామ్ బాగయ్యాక కూడా బ్లూ స్క్రీన్లు వస్తాయి. మళ్లీ ర్యామ్ మీదే అనుమానం పడుతుంది.